లేని బ్రేకు

దిల్‌సుఖ్‌నగర్‌లో శ్రీకళ డ్రైవింగ్ స్కూలు పెట్టి పదహారేళ్లు. ఇన్నేళ్లలో ఆమె కారు ఎవరికీ తగల్లేదంటే, ఆమె కూర్చునే ఎడమ సీటు ముందు బిగించిన రెండో బ్రేకే కారణం. నేర్చుకునేవాళ్లు తడబడితే చాలు, ఆమె కాలు దాని మీద పడేది.

ఆమె నేర్పే చిన్న కారు మోడళ్లను కంపెనీ ఈ నెలలోనే మార్చింది. తక్కువ ధర రకానికి కూడా ఆరు ఎయిర్‌బ్యాగులు, క్లచ్ లేని ఆటోమేటిక్ గేరు. శ్రీకళ పాతది అమ్మేసి, నిన్ననే ఎల్బీనగర్ షోరూములో కొత్తది తీసుకుంది. పొద్దున్నే మెకానిక్ సైదులు సీటు కిందికి దూరి, తల అడ్డంగా ఊపుతూ బయటికొచ్చాడు.

"పాత బ్రేకు దీనికి కూసోదక్కా. లోపలంత మార్చిండ్రు. కొత్త సామాను సోమారం ఒస్తది. అందాక ఎవ్వలకూ నేర్పకు."

సరేనంది.

పదకొండింటికి ఆమె దగ్గర కారు నేర్చుకుంటున్న బిక్షమయ్య వచ్చాడు. ఇరవై ఏళ్లు షేర్ ఆటో తోలిన మనిషి. మర్నాడే కారు లైసెన్సు పరీక్ష.

"రేపు గీ బండి మీదనే గద మేడమ్ పరీక్ష? ఒక్క రౌండు. నాకు రోడ్డు కొత్తనా ఏంది?"

కాదనలేకపోయింది. అదే ఆమె చేసిన తప్పు.

మెట్రో పిల్లర్లు దాటి ఎల్బీనగర్ వైపు బాగానే పోతున్నారు. ఉన్నట్టుండి ఒక ఆటో అడ్డమొచ్చి ఆగింది. బిక్షమయ్య స్టీరింగు ఎడమకు తిప్పాడు. ఎదురుగా, రోడ్డు వారన మొక్కజొన్న కంకులు కాలుస్తున్న ముసలమ్మ!

"బ్రేక్!" అరిచింది శ్రీకళ.

ఆటోలో కాలి కింద ఉండేది ఒక్క బ్రేకే. ఎక్సిలరేటర్ చేతిలో ఉంటుంది. భయంలో పాత అలవాటే గెలిచింది. కాలికి దొరికినదాన్ని బిక్షమయ్య బలంగా తొక్కాడు. కారు ఒక్కసారిగా ముందుకు దూకింది.

శ్రీకళ కాలు కూడా తొక్కింది. మ్యాట్ తగిలింది. మళ్లీ తొక్కింది. మ్యాటే!

పది అడుగులు. ముసలమ్మ లేవలేకపోతోంది.

శ్రీకళ కుడిచేయి గేరును న్యూట్రల్‌లోకి తోసి, హ్యాండ్‌బ్రేకును పైకి లాగింది. ఇంజన్ బొబ్బరించింది. టైర్లు కీచుమన్నాయి. ముసలమ్మ పక్కనున్న గంప ఎగిరి కంకులు చెల్లాచెదురయ్యాయి. కారు ఆగింది. బంపరుకూ ముసలమ్మ మోకాలికీ మధ్య జానెడు.

"కండ్లు నెత్తికెక్కినయారా?" కాలుతున్న కంకి చేతిలో పట్టుకునే అరిచింది ముసలమ్మ.

బిక్షమయ్య దిగి చేతులు జోడించాడు. "తప్పు నాదే, అవ్వా."

"కాదు," అంది శ్రీకళ. "సైదులు వద్దని చెప్పినా బండి తీసింది నేను."

"రేపు పరీక్ష, మేడమ్?"

"లేదు. బ్రేకు బిగించినంక, నువ్వు మొదటి నుంచి నేర్చుకున్నంకనే."

అతను తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, కంకులు ఏరడానికి వంగాడు. శ్రీకళ కూడా పక్కనే కూర్చుని ఏరసాగింది.