కంచెలో దారి

ఆ సర్వే కాగితంలో ఆమె రాసింది అబద్ధమేమీ కాదు. ‘ఈ చోటును వాడుకునే మనుషులు ఎందరు’ అన్న గడిలో ‘ఎవరూ లేరు’ అని రాసింది. ఆరోజు నిజంగానే అక్కడ పిట్ట తప్ప మనిషి లేడు. ఉండడు కూడా. సర్వేకి వెళ్ళేది పడవలో, పడవ కదిలేది సముద్రం పోటు మీదున్నప్పుడు. మొలలోతు నీళ్ళు నిలిచిన బురదలో ఎవరు తిరుగుతారు? నీళ్ళు వెనక్కి తీశాక అదే బురదలో పదకొండు మంది ఆడవాళ్ళు నడుములు వంచి గుల్లలు ఏరుకుంటారు. ఆ వేళకి పడవ ఒడ్డునుంటుంది, సర్వేవాళ్ళు భోజనాల దగ్గరుంటారు. ఏళ్ళ తరబడి సర్వేలన్నీ ఇలాగే జరుగుతున్నాయి.

ఈమెకు మాత్రం సంగతి తెలుసు. తెలియకపోవడానికి ఎక్కడి నుంచో ఊడిపడిన మనిషి కాదు. ఆ పదకొండు మందిలో ఒకరు ఆమె సొంత వదిన. అన్న పోయాక, ఏడేళ్ళ ఆడపడుచును కళ్ళల్లో పెట్టుకుని పెంచి, గుల్లలు అమ్మి చదివించిన మనిషి. ఆ చదువుతోనే ఆమె మడమొక్కల నర్సరీకి పెద్ద అయింది.

మరి ఎందుకు రాయలేదంటే, “చూసిందే రాయండమ్మా, తెలిసింది రాస్తే చెల్లదు” అని, ఆ బురదలో మడమొక్కలు నాటించే ఇంజనీరు అన్నాడు. అదొక సాకు. అసలు సంగతి వేరే ఉంది. ముందటేడు తుఫానుకి సముద్రం వాళ్ళ వాడలోకి వచ్చింది. పక్కింటి ముసలాయన్ని మంచానికీ గోడకీ మధ్య నుంచి బయటికి తీస్తుంటే ఆమె చూసింది. బురదలో మడచెట్లు పెరిగితే అల అక్కడే విరుగుతుంది. పదకొండు అని రాస్తే విచారణలు, సంతకాలు, ఈలోగా నాటే కాలం దాటిపోతుంది. ఇంకో ఏడాది ఆగడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. మంచి పనికే కదా అనుకుని రాసేసింది. మంచి పని అనుకున్నామంటే చాలు, మనల్ని మనం ఎంత తేలిగ్గా క్షమించేసుకుంటామో చెప్పలేం.

మొక్కలు నాటారు. ఎవరూ తొక్కకుండా చుట్టూ మనిషెత్తు నైలాన్ వల కట్టారు. మూడేళ్ళ దాకా తీయరు. గుల్లల కోసం ఆ కంచె చుట్టి అవతలి మేట దాకా పోవాలంటే వదినకు గంట పట్టేది, రావడానికి ఇంకో గంట.

ఒకరోజు వదిన నర్సరీకి వచ్చి, బుట్ట దించి, బోర్లించిన బకెట్ మీద కూర్చుంది.

“ఏం పిల్లా, నీ పిల్లలు పాలు తాగుతున్నారా?” అంది, మొక్కల సంచుల వైపు చూస్తూ.

“తాగుతున్నారులే. నీ మోకాలెలా ఉంది వదినా?”

“అది నా మాట వినడం మానేసి చాలా రోజులైంది. అచ్చం మీ అన్నే.” నవ్వి, కాలు చాపుకుంది. “కంచె తీసెయ్యమని అడగను. నీళ్ళు ఇంట్లోకి రావడం నేనూ చూశాను. మధ్యలో చిన్న దారి వదిలించు, చాలు. బుట్ట పెట్టుకున్న మనిషి పట్టేంత. అవతల పోటు తొందరగా వచ్చేస్తోంది, నేను అందరికంటే వెనకబడిపోతున్నాను.”

ఆమె ఇంజనీరు దగ్గరికి వెళ్ళింది. ఆయన చెడ్డవాడేం కాదు. కుర్చీ చూపించి మరీ విన్నాడు.

“దారి ఎవరికమ్మా? ఎవరూ తిరగరని మీరే రాశారుగా. ఇప్పుడు కాదంటే ఆ కాగితం మళ్ళీ పైకి పోవాలి. రెండో విడత నాటడం ఆగిపోతుంది. ఆపమంటారా?”

‘నేను తప్పు రాశాను’ అంటే సరిపోయేది. ఆమె ‘వద్దు సార్, ఆపకండి’ అని లేచి వచ్చేసింది.

“వచ్చే నెల చూస్తామన్నారు,” అని వదినతో చెప్పింది. ఇది మాత్రం అచ్చమైన అబద్ధం.

“సరే, అందాకా చుట్టూ తిరిగే పోతాను. నడకకి అద్దె కట్టాలా ఏంటి.”

తొమ్మిది రోజుల తర్వాత ఒక సాయంత్రం పది మందే గట్టెక్కారు. మర్నాడు నీళ్ళు తీశాక వదిన కనబడింది. కంచెకి అవతలి పక్క, ఎడమచేతి వేళ్ళు వలలో చిక్కుకుని ఉన్నాయి. అక్కడి నుంచి కంచెలోంచి నేరుగా వస్తే గట్టు రెండు వందల అడుగులు కూడా లేదు.

ఆమె బురదలో కూర్చుని ఆ వేళ్ళను ఒక్కొక్కటే విడిపించింది. వదిన బొడ్లో గుల్లలు విప్పే కత్తి అలాగే ఉంది. రోజూ నూరుకునే కత్తి. వల మీద ఒక్క వేటు వేస్తే చాలు. వల ఎక్కడా తెగలేదు.

“కోసుకుని వచ్చెయ్యమని గట్టు మీంచి అరిచామమ్మా,” అంది గుల్లలవాళ్ళలో పెద్దామె. “‘మా పిల్ల పెంచిన మొక్కలు తొక్కుతానా, కంచె పట్టుకుని చుట్టూ వచ్చేస్తాను’ అంది. వస్తుందనే అనుకున్నాం. అంతలోనే నీళ్ళు లేచాయి.”

ఆ మాట విన్నాక ఆమెకు ఏడుపు ఆగలేదు. తనను పెంచిన చెయ్యి తన మొక్కల కోసమే ఆగిపోయిందని తెలిశాక, ఇక ఏ తుఫాను పేరు చెప్పుకుని మనసును ఊరడించుకుంటుంది?

వదినను సాగనంపిన మర్నాడు, నీళ్ళు తీసిన వేళ, ఆమె ఆ కత్తి పట్టుకుని బురదలోకి దిగింది. వలను పైనుంచి కిందికి కోసింది. బుట్ట పెట్టుకున్న మనిషి పట్టేంత వెడల్పున, అటు చివరిదాకా మొక్కలను వేరు తెగకుండా ఒక్కొక్కటే పెళ్ళగించి, దారికి రెండు పక్కలా మళ్ళీ నాటింది. ఒక్క మొక్క కూడా పారెయ్యలేదు. సగం అయ్యేసరికి ఇంజనీరు ఆ పాత కాగితం పట్టుకుని గట్టు మీదికి వచ్చాడు. కోప్పడలేదు. జేబులోంచి పెన్ను తీశాడు.

“ఎంతమందికమ్మా ఈ దారి?”

“పది మందికి సార్,” అంది ఆమె, తలెత్తకుండా. “నేను ఎవరూ లేరని రాసిన రోజున పదకొండు మంది.”