ముఖ్యమంత్రి విగ్రహం

ముఖ్యమంత్రి రాతివిగ్రహం పని తనకు రాకుండా, తన దగ్గరే ఉలి పట్టి నంద్యాలలో షెడ్డు వేసుకున్న ప్రహ్లాద్‌కు పోయిందని ఆళ్లగడ్డ శిల్పి రుద్రాచారికి ఒకటే కడుపుమంట.

ఆ రోజు టీవీ చూశాక అది చల్లారింది. మెజారిటీ ఉండి కూడా అధికార పార్టీ బడ్జెట్ నెగ్గించుకోలేకపోయింది. మంత్రి పదవులు రాని సొంత ఎమ్మెల్యేలే ఓర్వలేక వ్యతిరేకంగా ఓటేశారు. ముఖ్యమంత్రి దిగిపోయాడు.

మర్నాడే రుద్రాచారి ఓదార్చే నెపంతో నంద్యాల బస్సెక్కాడు. షెడ్డులో విగ్రహం మెడ దాకా నున్నగా, ఆపైన మొద్దురాయిగా ఉంది.

"ఇంత కష్టమూ మట్టిపాలాయె గదప్పా," అన్నాడు నవ్వు ఆపుకుంటూ.

"యాడ మట్టిపాలన్నా? కొత్తగా సీటెక్కే ఆయన మనుషులు పొద్దున్నే ఫోటో ఇచ్చిపోయినారు. పంచె, ఎత్తిన చెయ్యి ఎవరికైనా ఒకటే," అన్నాడు ప్రహ్లాద్ ఉలి నూరుతూ. "తలకాయ ఆఖర్నే చెక్కల్లని నేర్పిచ్చింది నువ్వే గదా."