తక్లీఫ్ లేని మనిషి

పెళ్లయిన కొత్తలో ఊర్మిళకు అన్నీ వింతగానే ఉన్నాయి. విజయేందర్ దుప్పటి పరిచాడంటే దాని మీద ముడత వెతికినా దొరకదు. ఆమె చున్నీలు ఇస్త్రీ పెట్టె తగలకుండానే ఇటుకల్లా మడతపడి అల్మారాలో బారులు తీరేవి. తను పనిచేసే రక్తపరీక్షల ల్యాబ్‌లో ఆ అల్మారా ఫోటో చూపిస్తే, తోటి టెక్నీషియన్ కల్పలత ఆయన్ని ఒకరోజు తమ ఇంటికి పంపమని అడిగింది. తిండికి కూడా పేచీ లేదు. కాకరకాయ వేపుడు ఊర్మిళకు ప్రాణం. పెట్టినంతా అతను కిక్కురుమనకుండా తినేస్తుంటే, తన రుచే ఉన్న మొగుడు దొరికాడని మురిసిపోయి మోండా మార్కెట్‌కు వెళ్లినప్పుడల్లా అవే కొనేది.

పొద్దున్నే లేచి ఆమె స్కూటీని తళతళలాడేలా తుడిచేవాడు. తుడవడం తప్ప దానిలో ఇంకేమీ ముట్టేవాడు కాదు. తర్వాత బూట్లకు పాలిష్ పెట్టుకొని, తయారై కుర్చీలో కూర్చునేవాడు. ఎక్కడికీ వెళ్లాల్సిన పని లేదు. బన్సీలాల్‌పేట్‌లోని ఆ రెండు గదుల పై వాటాలో ఉన్న చిక్కల్లా అదొక్కటే.

ఇంటర్ కాగానే అతను అగ్నివీర్‌గా సైన్యంలో చేరాడు. ట్రైనింగ్‌లో మిలిటరీ బండ్ల మరమ్మతు నేర్చుకొని, తర్వాత రాజస్థాన్ ఇసుకలో ట్రక్కుల కింద పడుకొని పనిచేశాడు. నాలుగేళ్ల గడువు తీరాక నలుగురిలో ఒకరిని ఉంచుకొని మిగిలినవాళ్లను పంపించారు. ఉంచుకున్నవాళ్లలో అతను లేడు. సర్వీసులో ఉండగా పెళ్లి కూడదన్న నిబంధన ఎటూ తీరిపోయింది కాబట్టి ఇంట్లోవాళ్లు ముందు ఆ ముచ్చట కానిచ్చి, ఉద్యోగం సంగతి అతనికి వదిలేశారు.

సలహాలకు మాత్రం కొదవ లేదు. అతని తండ్రి తుకారాం పోలీసు పరీక్ష రాయమన్నాడు. కింద ఉండే ఇల్లుగలావిడ రోసమ్మ, తమ చర్చికి వచ్చే ఒకాయన బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీ పట్టుకొని కూర్చుంటాడనీ, ఆ కూర్చోవడానికే జీతమిస్తారనీ ఊరించింది. ఒక షాపింగ్ మాల్‌లో సెక్యూరిటీ యూనిఫాం కొలతలు కూడా తీసుకున్నారు. విజయేందర్ అందరికీ సరేనన్నాడు, పరీక్షలకు దరఖాస్తులు పెట్టాడు. దారిన పోయే బస్సు ఇంజను శబ్దం తేడాగా వినిపిస్తే మాత్రం కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడేవాడు.

అంతలో కార్ఖానా ఏరియాలో ఒక ప్రైవేటు బస్సుల కంపెనీ వర్క్‌షాప్‌కు సూపర్‌వైజర్ కావాలని తెలిసింది. మనుషుల్ని ఎంపిక చేసేది వెంకటరత్నం అనే రిటైర్డ్ మిలిటరీ సుబేదార్. భయమల్లా ఆ కంపెనీకి రాయచూర్‌లో కూడా డిపో ఉండటమే. ఊర్మిళ ల్యాబ్ ఇక్కడ, ఇల్లు ఇక్కడ, కొత్త ఎర్ర స్టవ్ ఇక్కడ. ముందు రోజు సాయంత్రం ఆమే సుబేదారై కుర్చీలో కూర్చొని, రాయచూర్ పోతావా అని గద్దించింది. విజయేందర్ ఎదురుగా నిలబడి, కొత్తగా పెళ్లయింది సార్, నా భార్య ఉద్యోగం ఇక్కడే అని అప్పజెప్పాడు. తప్పు పోకుండా వచ్చేదాకా చెప్పించి, మెచ్చుకోలుగా బుగ్గ గిల్లింది.

మర్నాడు అతను మిఠాయి డబ్బాతో వచ్చాడు. ఉద్యోగం వచ్చిందన్నాడు. ఎక్కడ అని అడిగితే వంగి బూట్ల లేసులు విప్పుతూ ఉండిపోయాడు. ఆ లేసులు ఎంతకీ ఊడకపోవడంతో ఊర్మిళకు అర్థమైంది. నోటిదాకా వచ్చిన మిఠాయిని మళ్లీ డబ్బాలో పెట్టింది.

"అడిగిండా, అడగలేదా?"

"అడిగిండు. రాయచూర్ పోవాలె, కోయీ తక్లీఫ్ అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"కోయీ తక్లీఫ్ నహీ సాబ్ అన్న."

"నిన్న అంతసేపు నేర్పిస్తే?"

"నోట్లకెళ్లి అదే వచ్చింది, ఊర్మిళా."

తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. పటాలంలో నెలకోసారి దర్బారు ఉంటుందట. పెద్ద ఆఫీసరు అందరినీ కూర్చోబెట్టి, ఎవరికైనా ఏదైనా ఇబ్బంది, తక్లీఫ్ ఉందా అని నిజంగానే అడుగుతాడట. అందరూ నిజంగానే ఊరుకుంటారట. ట్రైనింగ్ మొదట్లో ఒకడు లేచి రొట్టెలు పచ్చిగా ఉంటున్నాయన్నాడు. ఆఫీసరు రొట్టెలు బాగు చేయించాడు. బ్యారక్‌లో మాత్రం వాడికి రొట్టె సాబ్ అని పేరు పడిపోయింది, వాడి అసలు పేరు విజయేందర్‌కు ఇప్పుడు గుర్తే లేదు. ఆ తర్వాత చలిలో అడిగినా, జ్వరంలో అడిగినా, కాలి గోరు ఊడిపోయినప్పుడు అడిగినా అందరిదీ ఒకటే జవాబు.

ఊర్మిళ పగలంతా సూది బయటికి తీయకముందే అమ్మో అనే మనుషుల మధ్య గడుపుతుంది. గుచ్చినా పలకని మనిషిని ఏం చేయాలో ఆమెకెవరూ నేర్పలేదు. మిఠాయి డబ్బాకు మూత పెట్టి, ఉన్నట్టుండి అడిగింది.

"నాతోని నీకేమన్న తక్లీఫ్ ఉందా?"

"ఏం లేదు."

ఆ జవాబు వచ్చిన వేగానికి ఆమెకు మొదటిసారి అనుమానం పుట్టింది.

మాట ఇచ్చేశాక మార్చడం తనకు చేతకాదని అతను తల వంచుకొని అన్నాడు. "మాటిచ్చింది నీ నోరు. పెండ్లి చేసుకుంది నువ్వు," అంది ఊర్మిళ. ఆ రాత్రి ఇద్దరూ అన్నం సరిగ్గా తినలేదు.

మర్నాడు ఆమె సగం రోజు సెలవు పెట్టి, అతన్ని స్కూటీ వెనక ఎక్కించుకొని కార్ఖానా తీసుకెళ్లింది. తెరిచి ఉన్న ఆఫీసు గది తలుపు పక్కన బల్ల మీద కూర్చుంది. లోపల విజయేందర్ మడమలు కలిపి నిలబడ్డాడు. తెల్లమీసాల వెంకటరత్నం కళ్లజోడు పైనుంచి చూసి ఏమిటని అడిగాడు. వర్క్‌షాప్‌లో ఎవరో రేకు కొడుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంది.

"సాబ్. తక్లీఫ్ ఉంది."

వెంకటరత్నం కళ్లజోడు తీశాడు. "చెప్పు."

"కొత్తగ పెండ్లయింది సాబ్. ఆమె నౌకరీ ఈడనే. రాయచూర్ పోలేను."

"ఇది నిన్న చెప్పడానికి ఏమయింది?"

"నిన్న మీరు తక్లీఫ్ ఉందా అని అడిగిన్రు సాబ్."

పెద్దాయన మీసాల కింద పెదవి కొంచెం కదిలింది. నవ్వాడో లేదో ఊర్మిళకు తెలియలేదు. సూపర్‌వైజర్ ఖాళీ రాయచూర్‌లోనే ఉందని, ఇక్కడైతే మామూలు మెకానిక్ పని మాత్రమే ఉందని ఆయన చెప్పాడు. బస్సు కింద గోతిలో దిగి చేయాలి. పైన నిలబడి పని చెప్పేది ఇంకా మీసాలు సరిగ్గా రాని డిప్లొమా కుర్రాడు. జీతం తక్కువ.

"ఏం, కోయీ తక్లీఫ్?"

విజయేందర్ నోరు తెరిచాడు. బల్ల మీద ఊర్మిళ ముందుకు వంగింది. అతను నోరు మూసుకొని, మళ్లీ తెరిచాడు.

"జెర ఉంది సాబ్. సూపర్‌వైజర్ అయితే మంచిగుండేది. అయినా చేస్తా."

"సోమవారం రా," అన్నాడు వెంకటరత్నం. "ఆర్నెల్లు పోయాక ఇంకోసారి అడుగుతా. అప్పుడు కూడా ఇలాగే చెప్పు."

బయటికి వచ్చాక ఊర్మిళ కాళ్లు నేల మీద నిలవలేదు. వచ్చింది చిన్న ఉద్యోగమేనని ఆమెకు తెలుసు. మొదటి నెలలు చేయి బిగించి నెట్టుకురావాలనీ తెలుసు. అయినా పండగలాగే అనిపించి స్కూటీని నేరుగా మోండా మార్కెట్‌కు పోనిచ్చింది. లేత కాకరకాయలు ఏరి ఏరి తూకం వేయించి, సంచిలో పోయించింది. విజయేందర్ సంచి వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"ఊర్మిళా. నాకు కాకరకాయ తక్లీఫ్."

ఆమె చేయి సంచి మీదే ఆగిపోయింది. పెళ్లయినప్పటి నుంచి వండిన వేపుళ్లన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. తూకమయ్యాక వెనక్కి తీసుకోనని కూరగాయలామె ముందే చెప్పేసింది.

"గిట్లాంటివి ఇంక ఉన్నయా?"

అతను నిజాయితీగా ఆలోచించాడు. "ఉన్నయి."

స్కూటీ కదిలాక వెనక నుంచి ఒక్కొక్కటే ఆమె చెవిలో పడుతూ వచ్చింది. దిండు మరీ ఎత్తు. టీలో అల్లం ఎక్కువ. రోసమ్మ పంపే కేకు గొంతు దిగదు. ఆమెకు కోపం రావాల్సిన చోటల్లా నవ్వొచ్చింది. సిగ్నల్ పడి బండి ఆగింది. ఆగడానికి అది కొంచెం ఎక్కువ దూరమే తీసుకుంది.

"ఇదొకటి," అన్నాడు విజయేందర్. "వెనక బ్రేకు సరిగ్గ పట్టదు. పెండ్లయిన కొత్తలనే చూసిన."

ఊర్మిళ వెనక్కి తిరిగింది. "మెకానిక్‌వి కదా. బాగు చెయ్యకపోయినవా?"

"బండి ఎవరిదైతే వాళ్లు చెప్పాలె. చెప్పనిది ముట్టద్దు, పటాలంల గదే రూలు. నువ్వు చెప్పలే."

సిగ్నల్ పచ్చబడింది. వెనక ఆటోలు హారన్లు మొదలుపెట్టాయి. ఊర్మిళ తొందరపడలేదు. బండి దిగి, హ్యాండిల్ అతని చేతికిచ్చి, చెబుతున్నా అంది. తర్వాత వెనక ఎక్కి, కాకరకాయల సంచి ఒళ్లో పెట్టుకొని కూర్చుంది.