ఇంట్లో నిలవని ఊపిరి

పొద్దున్నే తులసి వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, చోడంబలి కాచి దించేసరికి అత్త వరహాలమ్మ పళ్లు తోముకోవడం, సుట్ట ముట్టించుకుని అరుగెక్కడం అయిపోయేవి. తులసి మొగుడు కామేష్ కొబ్బరికాయలు దింపడానికి తాడు భుజాన వేసుకుని వెళ్లిపోయేవాడు. ఇక తులసి కూడా చద్దిగిన్నె పట్టుకుని జీడిపిక్కల షెడ్డుకి బయల్దేరాలి. సరిగ్గా ఆమె గుమ్మం దాటబోయే వేళకి ఆమె ఊపిరి ఆమెకన్నా ముందే ఇల్లు దాటేసేది.

దాటడమంటే ఊరికే మాటవరసకి కాదు, నిజంగా దాటడమే. ముందు ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. ఓ దగ్గు తెర వచ్చేది. ఆ వెంటనే తెల్లగా, పలచగా, మేకపిల్లంత ఎత్తున ఊపిరి నోట్లోంచి జారి నేల మీద నిలబడేది. ఒళ్లు ఒకసారి విదిలించుకుని పెరటి దారి పట్టేది. పిల్లికూత కూడా దాని వెంటే పోయేది. తులసికి మిగిలేది గుమ్మం పట్టుకుని నిలబడేపాటి ఊపిరి, అంతే.

ఊళ్లో దీన్నెవరూ వింతగా చూడలేదు. ఉద్దానంలో ఎవరి బాధ వాళ్లకుంది. ఒకరికి కిడ్నీలు, ఒకరికి మోకాళ్లు, ఈ పిల్లకి ఊపిరికి నిలకడ లేదు. ఎదురింటి అప్పలస్వామి తోటలోంచి వస్తూ కేకేసేవాడు.

"ఒలే వరహాలమ్మా! మీ కోడలి ఊపిరి మా జీడితోటలో తిరుగుతున్నాదే. తోలుకెల్లు."

కామేష్ వెళ్తే దొరికేది కాదు. కోడిని తరిమినట్టు తరిమేవాడు, అది ఇంకాస్త దూరం పోయేది. నీలకంఠం వెళ్లినా అంతే. నీలకంఠమంటే ఊళ్లో సూదిమందు వేసే మనిషిలెండి. వరహాలమ్మ వెళ్తేనే వచ్చేది. ఆవిడ సుట్ట తీసి నలిపి బొడ్లో దోపుకుని, తోట గట్టు మీద నిలబడి, "రాయే నా తల్లీ, ఎండెక్కతన్నాది, రా" అని పిలిచేది. కాసేపు బెట్టు చేసి, ఆ తెల్లటిది చెట్ల మధ్యనుంచి వచ్చి ఆవిడ ముందు నడిచి ఇంటికి చేరేది. తులసి గుండెల నిండా గాలి పీల్చుకుని, "వొచ్చీసిందత్తా" అనేది. అప్పుడు చూడాలి వరహాలమ్మ మొహం! తల్లి లేని పిల్లని కోడలిగా తెచ్చుకుంది, ఆ పిల్ల ప్రాణం తన పిలుపు వింటోంది. ఆ మాత్రం గర్వం ఎవరికుండదు?

కానీ ఏడాది ఏడాదికీ అది దూరం పోవడం ఎక్కువైంది. మొదట్లో పెరడు దాటేది కాదు. తర్వాత జీడితోట, ఆ తర్వాత సరుగుడు తోపు. ఆ వేసవిలో ఓ రోజు ఏకంగా సముద్రం ఒడ్డుకి పోయి నీళ్లలో నిలబడింది. అల తగిలినచోట కాస్త చెదిరింది కూడా. వరహాలమ్మ ఇసకలో పడుతూ లేస్తూ వెళ్లి పిలుచుకొచ్చేసరికి ఇక్కడ తులసి పెదాలు నల్లబడి, కళ్లు తేలేసి ఉంది. ఇంకోసారి అలా పోయి, నీళ్ల మీదనుంచి ఆవలికి నడిచేస్తే? అక్కడికి వెళ్లి పిలిచేదెవరు? ఆ ఆలోచన వచ్చిన దగ్గర్నించీ కామేష్ చెట్టెక్కితే ముందు సముద్రం వైపే చూసేవాడు.

కారణం ఏమిటన్నది అందరికీ తెలుసు. జీడిపప్పు పొట్టు. పప్పు మీది ఎర్రపొర ఒలిచే పని కదా, ఆ దుమ్ము లోపలికి పోతోందని ఊరంతా తేల్చేసింది. తులసికి ఆ పనంటే ఇష్టం, షెడ్డులో కబుర్లంటే మరీ ఇష్టం. అయినా ఏడుస్తూ మానేసింది. తీరా చూస్తే ఇంటిపట్టున ఉన్నాక ఊపిరి పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి పోవడం మొదలెట్టింది! వంకాయ మానేసింది, ఎండుచేపలు మానేసింది, దూది పరుపు ఎవరికో ఇచ్చేసింది, పెంపుడు పిల్లిని కంచిలిలో ఉన్న ఆడపడుచు ఇంటికి పంపేసింది. ఊహూఁ.

చివరికి నీలకంఠం చేతులెత్తేశాడు. "నా సూదులకి లొంగదిది. ఎలర్జీ అంతారు దీన్ని. టెక్కల్లో నెలకోపాలి వైజాగునించి ఎలర్జీ డాక్టరమ్మ వత్తాది. ఏటి పడదో సేతి మీద రాసి సెప్పీత్తాదట" అన్నాడు. చేతి మీద రాయడమేమిటో ఎవరికీ అర్థం కాలేదు గానీ, ఆ ఆదివారం అత్తాకోడళ్లు ఆటోలో పలాస వెళ్లి టెక్కలి బస్సెక్కారు. సెల్‌ఫోన్లు ఇంకా షావుకార్ల జేబులు దాటని రోజులు, ముందుగా చెప్పి వెళ్లే వీలేం లేదు. విచిత్రమేమిటంటే దారిపొడుగునా ఊపిరి కిక్కురుమనలేదు. తులసి కిటికీ పక్కన కూర్చుని, పల్లీలు కూడా తింది.

డాక్టరు ప్రమోదినికి నలభై ఏళ్లుంటాయి. ప్రశ్నలడగడంలో మాత్రం నాలుగేళ్ల పిల్లే. ఊపిరి బయటికి పోతుందనీ, అత్త పిలిస్తేనే వస్తుందనీ చెబితే ఆవిడ కనుబొమ్మ కూడా కదపలేదు.

"ఎటువైపు పోతుంది?"

"పెరటి వైపమ్మా" అంది తులసి.

"వీధి వైపు ఎప్పుడైనా పోయిందా?"

తులసి ఆలోచించింది. "నేదమ్మా. ఎప్పుడూ పెరటి వైపే."

"ఎందుకో?" అని తనలో తనే అనుకుంటూ రాసుకుంది డాక్టరమ్మ. వంట దేని మీద, గ్యాసా కట్టెలా? గ్యాసే, కామేష్ మొన్ననే తెచ్చాడు. వర్షం వస్తే ఇల్లు చెమ్మెక్కుతుందా? గోడకి బూజుందా? కోళ్లున్నాయా?

"ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా?"

వరహాలమ్మ అడ్డం పడిపోయింది. "ఓలమ్మో, మా ఇంట ఆ అలవాటే నేదు తల్లీ. మా ముసిలోడు బతికున్నన్నాళ్లూ ముట్టనేదు. మావోడు కామేషు బీడీ వాసనకే దూరం ఎల్తాడు."

తులసి కూడా అవునని తలాడించింది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. చెబుతున్నది నిజమని ఇద్దరూ మనసారా నమ్మారు.

తర్వాత తులసి ముంజేతి మీద వరసగా మందు చుక్కలు పెట్టి, ఒక్కో చుక్కలోనూ సూదిమొనతో చిన్నగా గీరింది డాక్టరమ్మ. "ఇది ఇంటి దుమ్ము. ఇది సరుగుడు పుప్పొడి. ఇది బొద్దింక. ఇది జీడిపప్పు. ఏది పడకపోతే అది దోమ కుట్టినట్టు ఉబ్బుతుంది. గోక్కోకుండా కూర్చో" అంది. తులసి తన చెయ్యిని తనే కొత్తగా చూసుకుంటూ కూర్చుంది. వరహాలమ్మకి కాసేపటికి విసుగొచ్చి, "నానలా గుమ్మం కాడుంటానే" అని వీధి మెట్ల మీదికి వెళ్లింది.

ఇంటి దుమ్ము దగ్గర కొద్దిగా ఉబ్బింది. మిగతావన్నీ చదునుగా ఉన్నాయి. జీడిపప్పు దగ్గర ఎర్రదనం కూడా లేదు.

"జీడిపప్పు నిన్నేమీ చెయ్యలేదమ్మా. అనవసరంగా పని మానేశావు" అంటూ ఉండగానే, తులసి ఛాతీలో పిల్లికూత లేచింది. ఓ దగ్గు తెర. ఊపిరి జారి బల్ల మీద నిలబడింది. వీధి గుమ్మం బార్లా తెరిచే ఉంది, కానీ దానికేసి చూడనైనా చూడలేదు. వెనకవైపు కిటికీ ఊచల మధ్యనుంచి దూరి పోయింది.

ఇంకొకరైతే కిటికీ వైపు పరిగెత్తేవారు. ప్రమోదిని తులసి నోటికి పీల్చే మందు అందించి, వెనక్కి తిరిగి గుమ్మం వైపు నడిచింది. ఆ ఊపిరి దేనికి భయపడి పోయిందో చూద్దామని ఆవిడ ఆరాటం.

మెట్ల మీద వరహాలమ్మ నోరు బిగించి, బుగ్గలు లోపలికి లాక్కుని, హాయిగా కూర్చుని ఉంది. పెదాల మధ్యనుంచి వేలెడు సుట్ట మొదలు బయటికి కనిపిస్తోంది. నిప్పు మాత్రం ఎక్కడా లేదు. ముక్కులోంచి సన్నగా పొగ.

"ఏమిటమ్మా నోట్లో?"

వరహాలమ్మ జాగ్రత్తగా తీసి చూపించింది. నోట్లో ఉన్న కొసే కణకణలాడుతోంది. "సుట్టమ్మా. అడ్డపొగ."

"మరి ఇంట్లో ఎవరూ తాగరన్నారు!"

"ఇది తాగడమేటమ్మా?" వరహాలమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "తాగడమంటే మొగోల్లు ఊదీది. ఇది అడ్డం కదా. నిప్పూ నా నోట్లోనే, పొగా నా నోట్లోనే. పక్కోలికేటవుద్ది?"

మెట్ల మీద కూర్చున్న మిగతా ఆడవాళ్లు కూడా, అదేమిటి ఈ డాక్టరమ్మకి ఇది కూడా తెలీదా అన్నట్టు చూశారు. పంటినొప్పికి అమ్మలు నేర్పింది, అమ్మమ్మలు చేసింది. పళ్లపొడి లాంటి దాన్ని ఎవరైనా పొగతాగడం కింద లెక్కేస్తారా?

"ఎప్పుడు పెట్టుకుంటారు?"

"పొద్దున్నోపాలి, పొద్దు వాలీటప్పుడోపాలి. అరుగు మీద."

"అరుగు వీధి వైపేనా?"

"వీధి వైపే." ఆ మాట అన్నాక వరహాలమ్మ గొంతు కాస్త తగ్గింది.

"మరి మీరు పిలిస్తేనే వస్తుందన్నారే. పిలిచేటప్పుడు నోట్లో సుట్ట ఉంటుందా?"

"నిప్పు నోట్లో ఎట్టుకుని ఎలా పిలుత్తానమ్మా? తీసీసి..."

అక్కడ ఆగిపోయింది ఆవిడ. చేతిలో సుట్ట కాలుతూనే ఉంది. అది రావడం తన గొంతు విని కాదు, తన నోరు ఖాళీ అయిందని. ఇన్నేళ్లూ తనే తరిమి, తనే పిలుచుకొచ్చి, ఊరందరికీ గొప్పగా చెప్పుకుంది. వరహాలమ్మ సుట్టని మెట్టుకేసి నలిపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వలవలా ఏడ్చేసింది.

వెనక కిటికీలోంచి ఊపిరి తిరిగొచ్చి తులసిలో చేరింది. ప్రమోదిని ఆవిడని లోపలికి తీసుకెళ్లి, ఊపిరి బలం కొలిచే గొట్టంలో ముందు తులసి చేత, తర్వాత ఆవిడ చేత ఊదించింది. గొట్టం మీది ముల్లు ఆవిడ ఊదితే తులసి జరిపినంత కూడా జరగలేదు. "మీ కోడలి ఊపిరి పారిపోయి బతికింది. మీది ఎక్కడికీ పోలేదమ్మా, పాపం, అక్కడే ఉండి భరించింది" అంది. తులసికి రోజూ పీల్చే మందిచ్చి, ఈ జబ్బు పూర్తిగా పోదనీ, పొగ లేకపోతే చెప్పుచేతల్లో ఉంటుందనీ చెప్పింది.

చెప్పడం తేలిక. చిన్నప్పటినుంచీ నోట్లో ఉన్న నిప్పు డాక్టరు చెప్పిందని ఆరిపోతుందా? వరహాలమ్మ మానింది, రెండ్రోజులకి మళ్లీ పెట్టింది. అరుగు వదిలి ఆవుల సాలలో కూర్చుంది. చీరకంటిన వాసనకే ఊపిరి లేచిపోయింది. తోటలో కాల్చుకుని స్నానం చేసి వచ్చింది. మాట్లాడబోతే తులసి దగ్గింది. కోడలు పల్లెత్తు మాట అనలేదు, అదే ఆవిడకి మరీ కష్టమైంది. తిడితే ఎదురు తిట్టొచ్చు. "మాన్లేకపోతన్నానే" అని ఓ సాయంత్రం తనే అంది. "సూత్తన్నాను కదత్తా" అంది తులసి.

చివరికి ఆవిడకి ఒకే దారి కనపడింది. మానలేనప్పుడు మనిషే దూరం పోవాలి. ఓ రోజు తులసి పెరట్లో ఒడియాలు పెడుతుంటే, దండెం మీది చీరలు సంచీలో కుక్కుకుని, సుట్టలకట్ట దోపుకుని, ఎవరితోనూ చెప్పకుండా కూతురి ఊరు కంచిలికి బయల్దేరింది. దారిలో అప్పలస్వామి ఎక్కడికని అడిగితే "నీకెందుకురా" అంది.

రోడ్డుకి పోవాలంటే కొబ్బరితోటల మధ్యనుంచి ఇసకదారి. సగం దారిలో ఎందుకో వెనక్కి తిరిగి చూసింది. తులసి ఊపిరి వస్తోంది.

ఈసారి పొగ లేదు. ఆవిడ పొద్దుటినుంచీ సుట్ట ముట్టలేదు కూడా. అయినా తెల్లగా, మేకపిల్లంత ఎత్తున, ఇసకలో ఆవిడ అడుగుల వెంటే వస్తోంది.

"ఓసి నీ మొకమీడ్సా! ఇంటికి పో! ఆ పిల్లక్కడ సచ్చిపోద్ది!"

అది ఆగింది. ఆవిడ నడిస్తే నడిచింది. ఆవిడ గట్టిగా నడిస్తే అదీ గట్టిగా నడిచింది. వరహాలమ్మ గట్టు మీద కూలబడింది. సుట్ట తీసింది, అగ్గిపెట్టె తీసింది. ముట్టిస్తే పారిపోతుంది. ఎటు పారిపోతుంది? తోటల అవతల సముద్రం హోరు వినిపిస్తూనే ఉంది. ముట్టించకపోతే కంచిలి దాకా వస్తుంది. అటు వెళ్లడానికి లేదు, ఇటు కాల్చడానికి లేదు.

"నన్నేటి సెయ్యమంతావే?" అంది.

ఊపిరి దగ్గరకొచ్చి ఆవిడ మోకాళ్లకి ఆనుకుంది. అప్పుడే నీళ్లు పోసిన పసిబిడ్డలా వెచ్చగా ఉంది. వరహాలమ్మ ఒకసారి భోరుమంది. తర్వాత ఇసకలో మోచేతి లోతు గుంట తీసి, సుట్టలకట్ట, అగ్గిపెట్టె అందులో పడేసి పూడ్చింది. చోటు గుర్తుండకూడదని కళ్లు గట్టిగా మూసుకుని లేచి, అలాగే తడుముకుంటూ కొంత దూరం నడిచింది. ఆ తర్వాత నెలల తరబడి ఆవిడ పడ్డ అవస్థ, నమిలిన చింతగింజలు, ఊరిని తిట్టిన తిట్లు వేరే సంగతి. మళ్లీ మాత్రం ముట్టలేదు. మంచు పడ్డ రోజుల్లో ఊపిరి అరుగు దాకా వచ్చి కూర్చునేది, అంతకు మించి కదిలేది కాదు. తులసి షెడ్డుకి వెళ్లడం మళ్లీ మొదలెట్టింది.

సుట్టలు పూడ్చిన ఆ రోజు ఆవిడ ఇంటికొచ్చేసరికి తులసి పెరటి గుమ్మంలో కూలబడి ఉంది, చేతికి మినప్పిండి ఎండిపోయింది. ఊపిరి తిన్నగా వెళ్లి లోపల చేరింది. తులసి నిండుగా గాలి పీల్చుకుని, కళ్లు తెరిచి, ముందు అత్తని, ఆ తర్వాత అత్త చంకలోని సంచీని చూసింది.

"ఎక్కడికెల్నావత్తా?"

"ఎక్కడికెల్తానే? నీ ఊపిరి రోడ్డుకాడికి పోనాది. తేడానికెల్నాను."

తులసి లేచి, చెయ్యి కడుక్కుని, సంచీ అందుకుని చీరలు ఒక్కొక్కటే దండెం మీద వేసింది.