చదును చేసిన గుంత

పెళ్లయిన రెండో నెలలో మా ఆయన మాణిక్యం చిట్కుల్‌లోని మా కిరాయి ఇంటికి గాజుతొట్టి తెచ్చాడు. అందులో నల్లచారల సిక్లిడ్ చేపల జంట.

"తావు నచ్చితేనే పిల్లల్ని పెడతయంట," అన్నాడు.

ఆ పిల్లల్ని చూడాలని నాకు ఎంత ఆశో! తొట్టి అడుగున సన్నకంకర పోసి, ముగ్గేసే వాకిలిలా చదును చేశాను. తెల్లారేసరికి మూలన గుంత! ఆడచేప నోటితో కంకర తోడి పోసింది. నవ్వుకుంటూ పూడ్చాను. మర్నాడు మళ్లీ తవ్వింది, మళ్లీ పూడ్చాను. ఆయన డ్యూటీ నుంచి రాగానే మా ఇద్దరి పోటీ గురించి చెప్పి నవ్వించేదాన్ని.

ఇవాళ అది నా వేలు కొరికింది. "అబ్బో, కోపమే!" అంటూ గుంత పూడ్చేశాను.

కరివేపాకు కోసం వచ్చిన పక్కింటి రషీదున్నీసా ఖాలా తొట్టిలోకి వంగి చూసింది.

"పొద్దుగాల నేనొచ్చినప్పుడు గీ గుంతల సూదిమొనలంత పిల్లలు కదులుతుండె, ఏవే?"

"ఏం పిల్లలు ఖాలా? గుంత ఇప్పుడే పూడ్చిన."

"అరె బేటీ! నీ లెక్కనే అది గూడ ఇల్లు సదురుకుంటుండె గదనే!"

కంకర తీయబోయాను. ఖాలా నా చెయ్యి పట్టుకుంది. "వద్దు, ఇంకా నలుగుతయి."

ఆడచేప ఒక్కో రాయినీ నోట కరిచి పక్కన ఉమ్ముతోంది. మగచేప గాజు దగ్గరికి వచ్చి, నా వైపే రెక్కలు విప్పి నిలబడింది. ఆయన వచ్చేలోపు ఒక్క పిల్లైనా కదిలితే బాగుండునని, తడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను.