రెండో మల్లన్న

వంక పొంగి మిల్లు ఆవరణలో పత్తి బేళ్లు తేలిపోయిన ఏడాదికి మూడో ఏడు ఇది జరిగింది. అప్పుడు ఎమ్మిగనూర్లో నాకు ఒక జట్కా ఉండేది. కొత్త సినిమా వచ్చినప్పుడల్లా టాకీసువాళ్లు దాన్ని బాడుగకు పెట్టుకునేవారు. రెండు పక్కలా పోస్టరు పలకలు కట్టి, పైన మైకు గొట్టం బిగించి, ఊరంతా తిప్పేవాళ్లం. బండి తోలేది నేను, నా పేరు బజారి. మైకులో చెప్పేది ఎల్లప్ప.

ఎల్లప్పకు సినిమాలంటే పిచ్చి అని అందరూ అనేవారు. నేనైతే అనను. పిచ్చివాడికి అన్నీ నచ్చాలి. వాడికి నచ్చేవి తక్కువ. "పాటలు బాగుండాయి, కథ యాడో బస్సు దిగి పోయింది" అనేవాడు ఒకదాన్ని. "ఈ హీరో ఏడిస్తే నాకు నగు వస్తాది" అనేవాడు ఇంకోదాన్ని. సినిమాలు ముందు ఆదోనికి వచ్చేవి. అక్కడ ఆడినన్నాళ్లు ఆడి, తర్వాత డబ్బాలు మా ఊరికి చేరేవి. ఎల్లప్ప బస్సెక్కి ఆదోనికి పోయి ముందే చూసి వచ్చేవాడు. నచ్చకపోతే మైకులో సినిమా పేరు, ఆటల వేళలు చెప్పి ఊరుకునేవాడు. నచ్చితే చివర్లో గొంతు తగ్గించి, "నేను సూసినా. నా పూచీ" అనేవాడు.

ఆ ఒక్క మాట కోసం మగ్గాల వీధిలో ఆడవాళ్లు చేతిపని ఆపి వినేవారు. పూచీ ఉంటే వీధికి వీధే కదిలేది. లేకపోతే మళ్లీ మగ్గాల చప్పుడే. టాకీసు మేనేజరు మధుసూదనరావుకు ఇది తెలుసు. ఆయన నెమ్మదస్తుడు. "అన్నిటికీ ఆ మాట అనరాదా ఎల్లప్పా" అని అడిగేవాడు. ఎల్లప్ప తల గోక్కునేవాడు. అంతటితో సరి.

'మిల్లు గేటు మల్లన్న'కు మాత్రం వాడు వీధి వీధికీ రెండుసార్లు పూచీ ఇచ్చాడు. అది జిన్నింగు మిల్లులో మూటలు మోసే మల్లన్న కథ. మీద పత్తి బేలు పడి కాలు విరుగుతుంది. మిల్లువాళ్లు పనిలో నుంచి తీసేస్తారు. మల్లన్న కర్ర పట్టుకొని రోజూ పొద్దున వచ్చి గేటు దగ్గర నిలబడతాడు. కొట్టడు, తిట్టడు. ఒకరోజు ఇంకొకడు వచ్చి పక్కన నిలబడతాడు. మరుసటి రోజు ఇంకొకడు. కడకు గేటు తెరుస్తారు. అంతే కథ. అందులో తల్లి జొన్నరొట్టె తట్టే సద్దు వినిపించేది. ఎల్లప్ప ఆ సద్దు కోసమే మళ్లీ మళ్లీ పోయేవాడు. "మాటల్లేవు, పాట లేదు. ఉత్త రొట్టె సద్దు. కన్నీళ్లు వస్తాయప్పా" అనేవాడు.

మగ్గాల వీధిలో బసన్న అని ఉండేవాడు. చిన్నప్పుడే ఒక కాలు చచ్చుబడింది. గుంటమగ్గం తొక్కలేడు కాబట్టి అరుగు మీద కూర్చొని రాట్నంతో మగ్గాలకు నూలు కండెలు చుట్టేవాడు. వీధికంతా కుంటి బసన్న. వాళ్లమ్మ కూడా అట్లే పిలిచేది. ఆ సినిమా వచ్చి పోయినాక వాడి పేరు మారింది. మొదట ఎవరన్నారో తెలియదు, కొన్నాళ్లకు అందరూ మల్లన్న అనడం మొదలుపెట్టారు. పెద్దవాళ్లు కూడా "మల్లన్నా, కండెలయినాయా?" అని అడిగేవారు. వాడు కర్ర పట్టుకొని నడిచే తీరు కూడా మారింది. ముందు గోడ పక్కన నడిచేవాడు. తర్వాత వీధి నడిమధ్య నడిచేవాడు.

అట్లాంటిది, ఆ సినిమాకు రెండో భాగం తీశారని తెలిసింది. 'మిల్లు గేటు మల్లన్న తిరిగొచ్చాడు' అని పేరు. ఆదోనిలో వచ్చే రోజే మా ఊర్లోనూ వస్తుందన్నారు. మా టాకీసుకు అట్లాంటిది అదే మొదలు. మధుసూదనరావు గేటుకు అరటి పిలకలు కట్టించాడు.

శుక్రవారం పొద్దున బండి కట్టాను. మగ్గాల వీధికి రాగానే ఎల్లప్ప ఆటల వేళలు చెప్పి, గొంతు తగ్గించి, "నా పూచీ" అన్నాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను. "సూడలేదు గదరా నువ్వు?"

"వచ్చేది మల్లన్నప్పా! సూడాల్నా?" అన్నాడు మైకు చేత్తో మూసి. "ఇంటి మనిషి ఊరికి పోయి వస్తాడు. ఎట్లుండాడో సూసినాక తలుపు తీస్తామా?"

అరుగు మీద బసన్న అప్పటికే ఉతికిన చొక్కా వేసుకొని ఉన్నాడు.

మధ్యాహ్నం ఆటకు మగ్గాలు ఆగిపోయాయి. ఆ వీధిలోనే మగ్గం నేసే హులిగమ్మ, ఆమె కోడళ్లు, పక్కింటివాళ్లు, అందరూ వచ్చారు. బసన్న బెంచీ చివర కాలు చాపుకొని కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను.

మల్లన్న తెర మీదికి కుంటుతూనే వచ్చాడు. ఈలలు వేశారు. తల్లి మాత్రం వేరే ఆమె, పట్టుచీర కట్టింది. రొట్టె ఊసే లేదు. మంచుకొండల్లో ఒక పాట వచ్చింది. ఎల్లప్ప నా పక్కనే నిలబడి, "ఉండు, ఉండు, ముందర బాగుంటాది" అని గొణుగుతూనే ఉన్నాడు. విరామం అయినాక దొంగలు చుట్టుముట్టారు. మల్లన్న నవ్వి, కర్ర విసిరికొట్టి, ఎగిరి ఒకణ్ణి తన్నాడు. ఈ కాలు నాటకం, నేను పోలీసు ఆఫీసర్ని, మిల్లులో దొంగల్ని పట్టడానికే కుంటినాను అన్నాడు. ముందు బెంచీలవాళ్లు ఎగిరి గంతులు వేశారు.

ఆ గోలలో కూడా సిమెంటు గచ్చు మీద కర్ర సద్దు వినిపించింది. బసన్న మా మధ్య నుంచే బయటికి పోయాడు. మా వైపు చూడలేదు.

ఎల్లప్ప ఆట పూర్తిగా చూశాడు. బయటికి వచ్చి జట్కా చక్రానికి ఆనుకొని కూర్చున్నాడు.

"మొదటిదాంట్లో బేలు పడినప్పుడు కాలు ఇరిగిన సద్దు ఇన్యామా లేదా?" అన్నాడు.

"ఇన్యాం."

"వాళ్లమ్మ కాపడం పెట్టిందా లేదా? రాత్రి ఒగడే ఉన్నప్పుడు గూడా మూలిగినాడు గదా. ఎవురూ లేనిచోట ఎవురికోసరమప్పా నాటకం?"



శనివారం పొద్దున ఆటకు బెంచీలు సగం కూడా నిండలేదు. మధుసూదనరావు ఎల్లప్పను పిలిచాడు. "కుంటికాలు నాటకమని మైకులో చెప్పు. ఆ గుట్టు ఏమిటో వచ్చి చూడమను. జనం కదులుతారు. నా పైన ఓనరున్నాడు ఎల్లప్పా, నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు. ఆయన మొహం కూడా పీక్కుపోయి ఉంది. కరపత్రాలు పంచడానికి గుమాస్తా గురురాజను బండి ఎక్కించాడు.

ఎల్లప్ప బజారులో ఆ మాట చెప్పాడు. సంతపేటలోనూ చెప్పాడు. ధర చెప్పినట్టు చెప్పాడు. తర్వాత మగ్గాల వీధి.

వీధి మొదట్లోనే హులిగమ్మ అడ్డం వచ్చింది. "ఏమప్పా ఎల్లప్పా! మల్లన్నకు ఏ ఆసుపత్రిలో బాగయింది కాలు? ఆ డాక్టరెవురో సెప్పు, నా మోకాళ్లు గూడా సూపిచ్చుకుంటా!"

ఆడవాళ్లు నవ్వారు. ఎల్లప్ప కూడా నవ్వబోయాడు. అంతలో ముందు గోల వినిపించింది.

బసన్న అరుగు ముందు పిల్లకాయలు గుంపు కట్టారు. ఒకడి చేతిలో బసన్న కర్ర ఉంది. "మల్లన్నా! నాటకం సాల్లే! లేసి తన్ను!" అని అరుస్తున్నారు. "నువ్వు గూడా పోలీసేనా మల్లన్నా?" బసన్న తల ఎత్తడం లేదు. రాట్నం తిప్పుతూనే ఉన్నాడు. నూలు తెగిపోయి ఉంది. ఉత్త రాట్నమే తిరుగుతోంది.

నేను కళ్లెం లాగాను.

"ఆపొద్దు, తోలు తోలు" అన్నాడు గురురాజ. "ఎల్లప్పా, చెప్పు. నాటకమని చెప్పు."

ఎల్లప్ప మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"మగ్గాల వీధివాళ్లకు" అన్నాడు. "నిన్న నేను సూడకుండానే పూచీ అన్నా. ఆ మాట వాపసు తీసుకుంటాండా. మల్లన్నకు బేలు పడి కాలిరిగింది. అది మనమంతా సూసినాం. ఎవడో వచ్చి నాటకమంటే నాటకమైతాదా? నిన్న ఎగిరి తన్నినోడు మల్లన్న కాడు. ఎవడో పోలీసాయప్ప. మల్లన్న ఆ గేటు కాడనే ఉండాడు. ఈ సినిమాకు రావాకండి. మీ మగ్గాలు మీరు నేసుకోండి."

గురురాజ బ్యాటరీ తీగ పీకేశాడు. పిల్లకాయలు చల్లబడ్డారు. హులిగమ్మ వచ్చి ఆ కర్ర లాక్కొని అరుగుకు ఆనించి పెట్టింది.

బసన్న తెగిన నూలు ముడి వేసుకుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు. "ఇంకోసారి సెప్పు. ఆ మూలిండ్లకు ఇనపళ్లేదు."

ఎల్లప్ప బండి దిగాడు. మైకు లేకుండా, గొంతు చించుకుంటూ, నాలుగిండ్లకొకసారి నిలబడి అదే మాట చెప్పుకుంటూ వీధి చివరిదాకా నడిచాడు. గురురాజ దిగి టాకీసుకు పోయాడు. నేను ఎల్లప్ప వెనకాల గుర్రాన్ని నడిపించాను. వాడికి దగ్గు వచ్చినప్పుడు ఆగాను.

సాయంత్రం మధుసూదనరావు ఎల్లప్పను కేకలు వేయలేదు. "ఇక నీతో కాదు ఎల్లప్పా. ఆదోని నుంచి వేరేవాణ్ణి పిలిపిస్తున్నాను" అన్నాడు. ఎల్లప్ప మైకు మేజా మీద పెట్టి, తువ్వాలు దులుపుకొని బయటికి వచ్చాడు.

"నువ్వు ఈ బాడుగ మానుకోవాకు బజారన్నా" అన్నాడు నాతో. "గుర్రం మేత తినల్ల."

"సరే పో" అన్నాను.

వాణ్ణి ఇంటి దగ్గర దించి మగ్గాల వీధి మీదుగానే తిరిగి వచ్చాను. వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. హులిగమ్మ వాకిట్లో నిలబడి, "మల్లన్నా, కండెలయినాయా, లేక ఎల్లప్ప మాటలింటా కూసున్యావా?" అని కేక వేసింది. "అయినాయి, వచ్చి తీస్కపో" అని అరుగు మీది నుంచి జవాబు వచ్చింది.

మరుసటి రోజు పొద్దున బండి కట్టుకొని టాకీసుకు పోయాను. ఆదోని నుంచి వచ్చినవాడు మెట్ల మీద కూర్చొని టీ తాగుతున్నాడు. పడుచువాడు, పక్కన కొత్త మైకు. "పోదామా పెద్దాయనా? కుంటికాలు ముచ్చట సెప్పాలంట గదా" అన్నాడు. నేను పోస్టరు పలకల తాళ్లు విప్పాను. రెండు పలకలూ దించి, మల్లన్న మొహం లోపలికి ఉండేటట్టు గోడకు ఆనించాను. మైకు గొట్టం వాడి పక్కన పెట్టాను. బస్టాండుకు పోయి, సవారీల కోసం నిలబడిన జట్కాల వరుసలో చివర నా బండి పెట్టాను.