సీటు కోసం ముందొచ్చిన పిల్ల

ఇక్కడ లేని పిల్లకు ఇక్కడి బడిలో చోటు లేదు. బడి ఆఫీసులో ఆవిడ ఫోన్లో ఈ మాట ఎంత మర్యాదగా చెప్పిందంటే, చెల్లెలు థాంక్స్ కూడా చెప్పి పెట్టేసింది. పెట్టేశాక ఏడుపొచ్చింది.

పరాయి దేశంలో, ఒక కళ్లద్దాల దుకాణంలో ఫ్రేములకు అద్దాలు బిగించే పని ఈ చెల్లెలిది. భర్త కాంట్రాక్టు అయిపోవస్తోంది. కూతుర్ని తీసుకుని తిరిగి వచ్చెయ్యాలి. అక్క ఉండే వీధి చివరే మంచి బడి ఉంది గానీ, దరఖాస్తు పెట్టే నాటికే పిల్ల ఆ పేటలో కాపురముండాలి. వస్తాం, వస్తున్నాం, పెట్టె సర్దుతున్నాం అంటే చెల్లదు. అది తప్పితే మిగిలేది రెండు బస్సులు మారి వెళ్లే బడి, అక్కడ పిల్లల్ని గదుల్లో కుక్కుతారని పేరు.

"ఇంకా టికెట్లే కొనలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ గోల" అన్నాడు భర్త. మగవాళ్లకేం, ఎన్నయినా అంటారు.

దారి చూపించింది అక్కే. "నేనొచ్చి పిల్లని తీసుకెళ్తానే. మీరు నిదానంగా సర్దుకుని రండి. పెద్దమ్మ దగ్గర దానికి లోటేంటి?"

లోటేమీ ఉండదు. అసలు చిక్కల్లా అదేనని అప్పుడెవరికి తట్టింది?

అక్క ఇంట్లోనే బట్టలు కుడుతుంది. పిల్లాజెల్లా లేరు. చెప్పినట్టే వచ్చి పిల్లను తీసుకెళ్లింది, దరఖాస్తులో సంరక్షకురాలిగా తన పేరు రాసింది, సీటు సంపాదించింది. పిల్లను ఇంటికి తీసుకెళ్లడానికి గేటు దగ్గర చూపించే కార్డు మీద అక్క ఫొటోనే వేశారు. ఆ రోజు అక్కచెల్లెళ్లిద్దరూ ఫోన్లో ఎగిరి గంతేసినంత పని చేశారు.

కాంట్రాక్టు మాత్రం అయిపోలేదు. కొత్త మనిషి దొరికేదాకా ఉండమన్నారు. దొరికినవాడు మానేశాడు. అలా ఇదిగో అదిగో అంటూ నెలలు జరిగిపోయాయి. నోరు తెరిస్తే మూసేది కాదని కూతుర్ని వసపిట్ట అనేవారు. మొదట్లో ఆ వసపిట్ట ఫోన్ వదిలేది కాదు. తర్వాత్తర్వాత, "బాగున్నా, తిన్నా, పెద్దమ్మ పిలుస్తోంది" అని మూడు ముక్కల్లో తేల్చేసేది. అలవాటు పడిందిలే అని తల్లి సంతోషించింది కూడా. పిచ్చితల్లి.

చివరికి భర్త అక్కడ లెక్కలు ముగించుకునే పనిలో ఉండగా, తనొక్కతే ముందుగా అక్క ఇంటికి వచ్చేసింది. వసపిట్ట పరిగెత్తుకొచ్చి నడుముకు చుట్టుకుంది. ప్రాణం లేచొచ్చింది. పడుకునే వేళకు మాత్రం పిల్ల దిండు పట్టుకుని పెద్దమ్మ గదిలోకి వెళ్లిపోయింది. మంచినీళ్లిస్తే "థాంక్యూ అమ్మా" అంది. కన్నతల్లికి థాంక్యూ ఏమిటి! జడ వెయ్యబోతే, "పాపిడి మధ్యలో కాదమ్మా, పెద్దమ్మ పక్కకి తీస్తుంది" అని ఓపిగ్గా నేర్పింది.

అక్క మీద కోపం తెచ్చుకుందామంటే కారణం దొరకదు. పిల్ల ఒళ్లు చేసింది, చదువు వచ్చింది, దగ్గు పోయింది. అక్క ఏదో ఒక తప్పు చేసి ఉంటే ఎంత బాగుండును అనిపించింది చెల్లెలికి. అనిపించినందుకు సిగ్గూ వేసింది.

"ఇంక బడికి నేనెళ్తానక్కా" అంది ఒక పొద్దున, కాస్త గట్టిగానే.

"నువ్వు కాక ఎవరెళ్తారే? ముందు కార్డు మార్పించాలి. సోమవారం ఇద్దరం వెళ్లి సంతకాలు పెట్టొద్దాం" అంది అక్క, మిషను మీంచి తలెత్తకుండా.

కడుపున పుట్టినదాన్ని ఇంటికి తెచ్చుకోడానికి సోమవారం దాకా ఆగాలా? ఆ మధ్యాహ్నమే, అక్క ఎవరికో గౌను కొలతలు తీస్తుండగా, చడీచప్పుడు లేకుండా బయల్దేరింది.

గేటు దగ్గర టీచరు కార్డు అడిగింది. లేదని చెబితే, పిల్లను చెయ్యి పట్టి తీసుకొచ్చి, కమ్మీల ఇవతలికి రానివ్వకుండా అడిగింది. "ఎవరమ్మా ఈవిడ?"

"మా అమ్మ" అంది వసపిట్ట, గర్వంగా.

చెల్లెలికి కళ్లు చెమర్చాయి. చూశారా అన్నట్టు టీచరు వైపు చూసింది.

"మరి అమ్మతో వెళ్తావా?"

పిల్ల తల్లిని చూసింది, వీధి చివరిదాకా చూసింది. "పెద్దమ్మ వచ్చి వెళ్లమంటే వెళ్తా" అంది.

"ఏమీ అనుకోకండి. కార్డులో ఉన్నవాళ్లతోనే వెళ్లాలని మేమే నేర్పిస్తాం" అంది టీచరు. పాపం, ఊరట కలిగిద్దామనే అంది. చెల్లెలు ఆ రూలునే పట్టుకుని వేలాడింది. రూలు వల్లే అలా అందిలే, మనసులో అలా ఉండదులే అని తనకు తాను నచ్చజెప్పుకుంటూ, ఎండలో గేటు బయటే నిలబడింది. పిల్లలందరూ వెళ్లిపోయారు. టీచరు కుర్చీ ఇస్తానన్నా వద్దంది.

టీచరు ఫోన్ చేస్తే, అక్క మెడలో కొలతల టేపుతోనే పరిగెత్తుకొచ్చింది. ఆయాసపడుతూ కార్డు చూపించింది. గేటు తెరుచుకోగానే వసపిట్ట తల్లి పక్కనుంచే వెళ్లి, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. చెవిలో చెప్పాలనుకుంది గానీ, ఆ గొంతు గుసగుసలకు పనికొచ్చేది కాదు.

"పెద్దమ్మా, అమ్మ ఇందాకట్నించీ ఎండలోనే నిలబడింది, పాపం. తనని కూడా మనింటికి తీసుకెళ్దామా?"